జొన్నకంకి

"ఏమత్తా, యాడ్నుంచి వస్తాండావ్? కూచో, ముందు నీళ్లు తాగు."

దివ్య ఆ మాట అనగానే గుమ్మంలో తటపటాయిస్తున్న పల్లె ఆడవాళ్లు నలుగురూ నేరుగా వెళ్లి ఆమె ముందు కూర్చున్నారు.

అంతకుముందే "రండమ్మా, ఏం చూపించమంటారు?" అని మర్యాదగా పిలిచిన కీర్తి వైపు చూడనైనా లేదు.

కీర్తికి కడుపు భగ్గుమంది.

నంద్యాలలోని ఆ చీరల అంగట్లో తనది మూడేళ్ల సర్వీసు. దివ్య చేరి ఇరవై రోజులు.

ఆళ్లగడ్డలో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. ఇన్‌చార్జి కుర్చీ తనదేనని కీర్తి ఎప్పుడో అనుకుంది. నిన్న యజమాని హనుమంతయ్య దివ్య బేరం చూసి, "ఆళ్లగడ్డకు ఇట్లా మాట్లాడే మనిషే కావాల" అన్నాడు. అప్పట్నుంచి కీర్తికి అన్నం సయించడం లేదు.

నిజానికి దివ్య నోట పలికే ఆ యాస మాట కీర్తిదే. శిరివెళ్ల పక్క పల్లెలో పుట్టి పెరిగింది. విజయవాడలో చదువుకునేటప్పుడు "యాడ, ఈడ" అంటే హాస్టలంతా పగలబడి నవ్వింది. అంతే, నాలుక మార్చేసుకుంది. ఊరేదని ఎవరడిగినా విజయవాడే అంటుంది.

దివ్య కూడా చేరిన రోజే అడిగింది.

"అక్కా, నీది యా ఊరు?"

"విజయవాడ."

"అట్లనా" అని దివ్య ఇంకో అమ్మాయి వైపు తిరిగింది. అంగట్లో పనిచేసే అందరినీ అదే అడిగింది. దీనికెందుకో ఇన్ని ఆరాలు, అనుకుంది కీర్తి.

ఇవాళ వచ్చిన ఆ నలుగురిలో ఒకరు పెళ్లికూతురు. ఆ పిల్ల భుజాన చీర వేసి దివ్య మురిసిపోయింది.

"తిరుగు నా జొన్నకంకీ, ఎనకపక్క చూడనీ!"

కీర్తి మడుస్తున్న చీర వదిలేసి అటు తిరిగింది.

అది అమ్మ పిలుపు. జడేసిన ప్రతిసారీ అమ్మ అనేది. అమ్మ నోట తప్ప ఇంకెక్కడా వినలేదు. విజయవాడ ఆసుపత్రిలో అమ్మ పోయి ఏడాదయింది.

ఎక్కడ నేర్చావని అడగబోయింది. అడిగితే తన ఊరు బయటపడుతుంది. మా అమ్మ మాట దీని నోట్లో ఏమిటని లోలోపల రగిలిపోయింది.

మర్నాడు ఇన్సూరెన్స్ కోసం ఆధార్ జెరాక్సులు సర్దుతుంటే దివ్యది కనిపించింది. ఊరు పాలకొల్లు!

కీర్తి పరుగున యజమాని దగ్గరికెళ్లింది.

"సార్, ఆమెది ఇక్కడి ఊరే కాదు. ఈ యాసంతా నటన. తెలిస్తే ఆళ్లగడ్డ వాళ్లు, మమ్మల్ని ఎగతాళి చేస్తారా అని అంగడి మీదికొస్తారు."

నటన గురించి ఎవరు మాట్లాడుతున్నారో చూడండి!

హనుమంతయ్య దివ్యను పిలిచాడు.

"నిజమేనామ్మా?"

"నిజమే సార్. ఈ మాట నాది కాదు."

దివ్య అంగట్లోని అమ్మాయిలందర్నీ మరోసారి కలియజూసింది. "ఈడ గూడా ల్యాదు" అని గొణుక్కుని, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం కీర్తి కడుపునిండా తింది.

నెల తిరిగేసరికి ఆళ్లగడ్డలో ఇన్‌చార్జి కుర్చీ ఎక్కింది. మొదటి వారంలోనే ఆమె ఊరి మణెమ్మ చీరకోసం వచ్చింది.

"రండమ్మా, ఏం చూపించమంటారు?"

మణెమ్మ కళ్లు చిట్లించి చూసి పకపకా నవ్వింది.

"ఏమే చిట్టీ! నాతోనే ఏందే ఈ మాటలు? లచ్చిందేవి కూతురివి కాదా యేంది?"

కొత్త అమ్మాయిలు వింటున్నారు. కీర్తికి తల కొట్టేసినట్టయింది.

"మెల్లగా అత్తా!"

"సరేగానీ, నీకోసం ఎతుకుతాండిన పాప కనపడిందా?"

"ఏ పాప?"

"దివ్య అంట, గోదారి పక్క పిల్ల. మనూరికొచ్చి అడిగె. చిట్టి నంద్యాలలో చీరలంగట్లో ఉండాదని చెప్తి. యా అంగడో, నీ బడి పేరేందో నాకేం తెల్సు? 'ఒగో అంగట్లో పనికి చేరి చూస్తా అత్తా, వాళ్లమ్మ మాదిరే మాట్లాడతాంటే బిడ్డ పలక్కుండా ఉంటుందా' అనె."

కీర్తి కుర్చీలోంచి లేచింది.

"ఇప్పుడు యాడుందత్తా? యాడికి పోయింది?"

ఇన్నాళ్లూ దాచిన మాట తనంతట తనే బయటికొచ్చేసింది. చుట్టూ ఎవరున్నారో కీర్తి చూడలేదు.

"మూడంగళ్లు చూసినా, యాడా ల్యాదత్తా అని ఏడ్సుకుంటా ఫోన్ చేసె. వాళ్లూరికి పోయె. ఇప్పుడా నంబరు మోగడంల్యా."

"నాతో ఆమెకేం పనత్తా?"

"ఏం చెప్పల్లనో నేనూ అడిగితినే. బిడ్డకు తప్ప ఎవురికీ చెప్పను అనె."

మణెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నిన్ను గూడా లోపలికి రానీని ఆ కరోనా వార్డులో మీ యమ్మ పక్క మంచం ఆ పాపదే చిట్టీ, మీ యమ్మ నీకు చెప్పమన్న ఆఖరి మాటలు ఆ పాప కాడే ఉండాయి."