రెండో డిస్కు

"నీ ఇంట్ల రెయిడ్ ఉండాలె సారంగపాణీ" అన్నాడు రాజేశ్వర్ రావు.

సారంగపాణి టీ గ్లాసు కింద పెట్టేశాడు. వీధి తలుపు వైపు చూశాడు.

"రెయిడా? ఎవలు చెప్పిండ్రు సార్? ఎప్పుడొస్తాండ్రు?"

రాజేశ్వర్ రావు పడీపడీ నవ్వాడు. ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. తమ్ముడి జాతకం కలుస్తుందో లేదో చూపించుకుందామని వచ్చి, కాగితం కోసం ముందు గదిలో కూచున్నాడు.

"పోలీసు రెయిడ్ కాదయ్యా, కంప్యూటర్ రెయిడ్! అమెరికా పత్రికల చదివిన. ఒక్క డిస్కుకు రెండు పెడతరు. రాసేదేదో రెండింటి మీద రాస్తరు. ఒకటి పడకేసినా రెండోది నడుస్తనే ఉంటది. గిరాకీకి తెల్వనే తెల్వది."

సారంగపాణికి ప్రాణం లేచొచ్చింది.

అది ఎనభై తొమ్మిది. సుబేదారిలో 'కంప్యూటర్ జాతకం' అని బోర్డు కట్టింది అతనొక్కడే. అంతకుముందు బస్టాండు గోడ పక్కన పంచాంగం పరుచుకుని కూచుంటే కుక్క కూడా ఆగలేదు. అదే మాట కంప్యూటర్ చెబుతుందనేసరికి జనం చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని వింటున్నారు. చదువుకున్నవాళ్లయితే మరీను.

ముందు గదిలో కంప్యూటర్ తెర ఉంటుంది. అసలు మిషన్ లోపలి గదిలో. దుమ్ము తగిలితే ఖరాబవుతుందని అక్కడికి పురుగును కూడా రానివ్వడు. పుట్టిన వేళ రాసిన చీటీతో తను లోపలికి పోతాడు. టకటకమని చప్పుడొస్తుంది. కాగితంతో బయటికొస్తాడు. ఒకసారి కరెంటు పోయినా ఆ చప్పుడు ఆగలేదు. లోపల బ్యాటరీ ఉండి ఉంటుందని రాజేశ్వర్ రావే నలుగురికీ వివరించి చెప్పాడు.

ఈ మధ్యే అది సతాయిస్తోంది. మధ్యాహ్నమయ్యేసరికి వేడెక్కుతుంది. ఒక కాగితం వచ్చాక రెండోది ఎప్పటికో గాని రాదు. వచ్చే నెలలో ఏ రోజైనా పూర్తిగా ఆగిపోవచ్చు. ఆ నెలలోనే పెళ్లిళ్లు. అవతల చౌరస్తాలో వెంకట్రాజం కూడా కంప్యూటర్ బోర్డు రాయిస్తున్నాడు. ఒక్క వారం తలుపు మూస్తే గిరాకీ అంతా అటే. తనకు మళ్లీ బస్టాండు గోడే.

"కొత్తది పాతదానితోని కలుస్తదా సార్?"

"ఒకే కంపెనీదైతే మంచిగ కలుస్తది. పాతది చేసినట్టే అచ్చం చేస్తది."

"పాతది మళ్ల బాగైతే?"

"మళ్ల జోడించుడే. దీని ఫికర్ లేదు."

సాయంత్రం సారంగపాణి భార్య దగ్గర మాట కదిపాడు. పూలమ్మ కాళ్లు చాపుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"రెండోది పెడదామనుకుంటానే."

"ఉన్నదానికే ఒక్క పూట రెస్టియ్యవు. ఇంకోదాన్ని తెచ్చి దాన్ని గూడ సంపుతవా?"

"ఒకే కంపెనీదైతే మంచిగ కలుస్తదట. సార్ చెప్పిండు."

పూలమ్మ ఫక్కున నవ్వింది.

"కలుస్తది గని, చప్పుడు జర ఎక్కువ చేస్తది. ఉన్న ఒక్క ఫ్యాను కింద రెండు నడవయి మరి."

"కూలర్ పెడత తియ్."

"ముందుగాల మా నాయినను అడుగు. ఆయన ఊ అనాలె గదా!"

సారంగపాణి పొద్దున్నే మరిపెడ బస్సెక్కాడు.

మామ కట్టయ్య బీడీ పారేసి గుర్రుగా చూశాడు. "ఒకటిచ్చిన గద అల్లుడా. సాలదా?"

"గట్లనకు మామా. మూడు నెలలే. మళ్ల నేనే తెచ్చి అప్పజెప్పుత."

"ఖరాబు జేస్తే?"

"కండ్లల్ల పెట్టుకుని చూసుకుంట."

కట్టయ్య చాలాసేపు గొణిగాడు. చివరికి సరేనన్నాడు.

మర్నాడు, బస్సు దిగినప్పటి నుంచీ వాగుతూనే ఉన్న మరదలు అరుణను సారంగపాణి లోపలి గదిలో కుర్చీ వేసి కూచోబెట్టి, నిండు పొట్ట అడ్డమై చేతులందక అవస్థ పడుతున్న పూలమ్మ ముందు నుంచి టైపు మిషన్ తీసి ఆ పిల్ల ముందుకు జరిపాడు.