రోడ్డు బందు

కారు అద్దం మీద ఎవరో అరచేత్తో కొట్టారు.

శ్యామలాదేవి ఉలిక్కిపడింది. బయట పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాడు. చొక్కా నిండా మట్టి.

"అద్దం దించకు," అంది డ్రైవర్ రాబర్ట్‌తో.

పొద్దున్నే ఫిలింనగర్ బస్తీలో ఇళ్లు కూల్చేశారు. ఇళ్లు పోయినవాళ్లంతా రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ముందు టైర్లు కాలుతున్నాయి. వెనక్కి తిప్పుదామంటే జూబ్లీ హిల్స్ దాకా కార్ల బారు.

పక్క సీట్లో కోడలు నిహారిక కడుపు పట్టుకుని మూలుగుతోంది.

కుర్రాడు లోపలికి తొంగి చూశాడు. ముఖం మారిపోయింది.

"నొప్పులా అమ్మా? ఏ దవాఖాన?"

రాబర్ట్ అద్దం దించేశాడు. "బంజారా హిల్స్‌లో తమ్ముడూ!"

"నా ఎనక రా అన్నా. జర మెల్లగ."

అతను గుంపులోకి దూసుకెళ్లాడు.

"లేవుండ్రి! కార్ల నొప్పులు పడే ఆడబిడ్డ ఉంది!"

"మన ఇండ్లు కూలగొట్టినప్పుడు వీళ్లెవరన్నా ఆపిండ్రా?" ఎవరో అరిచారు.

"ఆపలే. అందుకని మనం గూడ గట్లనే ఉండాల్నా?"

వెనక నుంచి వచ్చిన రాయి అతని నుదుటికి తగిలింది. రక్తం తుడుచుకోకుండానే కాలుతున్న టైరును కాలితో పక్కకు తన్నాడు.

ఒక్కొక్కరే లేచారు.

"ముందు గూడ ఆపుతరు. నేనొస్త," అంటూ రాబర్ట్ పక్కన ఎక్కాడు.

ఆసుపత్రి గేటు దగ్గర దిగగానే, ముఖం మీద నెత్తురు చూసి పోలీసులు పట్టుకున్నారు.

"మేడమ్, వీడు మీకు తెలుసా?"

స్ట్రెచర్ వెంట పరుగెడుతున్న శ్యామలాదేవి వెనక్కి తిరగలేదు.

"తెలియదు."

గంటలోపే మనవరాలు పుట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డా దక్కేవారు కాదంది డాక్టరు.

ఆ రాత్రంతా శ్యామలాదేవికి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది.

"ఆ అబ్బాయా? నిన్ననే జైలుకు పంపించేశాం," అన్నాడు కానిస్టేబుల్. "అదిగో, వాళ్లమ్మ."

గేటు పక్కన నిలబడిన ప్రేమకుమారి దగ్గరికి వెళ్లి శ్యామలాదేవి చేతులు పట్టుకుంది. జరిగిందంతా చెప్పింది.

"తప్పు నాదమ్మా. ఆ గొడవతో మీ వాడికి ఏ సంబంధమూ లేదని ఇప్పుడే రాసిస్తాను."

ప్రేమకుమారి తలెత్తి నిటారుగా నిలబడింది.

"అలా మాత్రం రాయకండమ్మా. బస్తీ మొత్తాన్నీ కూడగట్టి ఆ రోడ్డు బందు చేయించింది మా బ్లెస్సనే!"