అరగంట అల్లుడు

సంబంధం అన్ని రకాలుగా కుదిరింది. ఒక్క పరుగు దగ్గరే ఆగింది.

శ్రీపాల్‌ది డోర్నకల్ పక్కన తండా. చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలో పెరిగాడు. ఇప్పుడు సికింద్రాబాద్‌లో రైల్వే ఆఫీసు ఉద్యోగం. బయ్యారంలో అక్షయను చూడటానికి వెళ్లి, ఆ పిల్ల ఇచ్చిన చాయ్ చల్లారిపోయేదాకా ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. అక్షయ కూడా తక్కువేం తినలేదు. మర్నాడే నంబరు సంపాదించి తనే ఫోన్ చేసింది.

అడ్డం ఒక్కడే. అక్షయ తండ్రి ధన్‌సింగ్.

ధన్‌సింగ్ ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. సీట్లో కూర్చుని కూర్చుని పెరిగిన పొట్ట తగ్గించుకోవడానికి పరుగు మొదలుపెట్టాడు. పొట్ట తగ్గింది, గొప్పలు పెరిగాయి. ఐదు కిలోమీటర్లు అరగంటలో పరుగెత్తుతాడు. ఈ సంగతి బయ్యారంలో తెలియనివాళ్లు లేరు. తెలిసినవాళ్లకు కూడా ఆయన మళ్లీ చెప్తాడు.

"వచ్చే నెల మానుకోటల ఐదు కిలోమీటర్ల రన్ను పెడ్తున్నరు. నా ఎంబడి ఉరుకు పిలగా," అన్నాడు శ్రీపాల్‌తో. "ఉరికేటప్పుడే మనిషేందో తెలుస్తది."

శ్రీపాల్ తలూపి వచ్చాడు. అసలు కథ అక్షయ ఫోన్లో చెప్పింది. అంతకు ముందు కృపాకర్ అని ఒక సంబంధం వచ్చిందట. మంచి జీతం, మంచి మనిషి. ధన్‌సింగ్ అతన్నీ ఇలాగే తీసుకెళ్లి పరుగెత్తించాడు. ఇంటికి తిరిగొచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా, సంబంధం వద్దనేశాడు.

"బాపుది అరగంట," అంది అక్షయ. "నువ్వు గూడ గక్కడికే రావాలె. జర అటిటు అయిందో, మన ముచ్చట ఖతం."

శ్రీపాల్ నెల రోజులు సెలవు పెట్టి తండాకు వచ్చాడు. తెల్లవారగానే డోర్నకల్ రోడ్డెక్కాడు. బయ్యారం నుంచి ఫోన్లో టైము చూసేది అక్షయే. మొదటి రోజు అరగంట రాలేదు. రెండో రోజూ రాలేదు. వారమంతా రాలేదు.

"నా కాళ్లు నా మాట ఇంటలేవు," అని మొత్తుకున్నాడు శ్రీపాల్.

దాంతో అక్షయ కోచ్ అవతారమెత్తింది. ఎదురుగా బస్సు కదిలిపోతున్నా, వెనక ఇంకోటి వస్తుందిలే అని నిలబడే పిల్ల ఆమె. ముందు తిండి మార్చమంది. పరుగుకు ముందే కడుపు నిండా తినాలట. శ్రీపాల్ తల్లి సోమ్లీ పొద్దున్నే జొన్నరొట్టెలు, మటన్ కూర పెట్టింది. కొడుకు తిన్నాడు, పరుగెత్తాడు, దారిలో రెండుసార్లు పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. కొంచెం నయం అంది అక్షయ.

తర్వాత బూట్లు. ఉన్నవి పనికిరావంది. పొలంలో మందు కొట్టేటప్పుడు వేసుకునే గంబూట్లు తొడుక్కొని పరుగెత్తమంది. ఆ చప్పుడుకు రోడ్డు పక్క బర్రెలు బెదిరాయి. ఆ తర్వాత ఊపిరి. ముక్కుతో కాదు, నోరు తెరిచి నలుగురికీ వినపడేలా పీల్చాలట. శ్రీపాల్ అద్దం ముందు నిలబడి అదీ నేర్చుకున్నాడు. ఆ శబ్దానికి సోమ్లీ వంటింట్లోంచి పరుగున వచ్చి, దవాఖానకు పోదాం పదమంది.

మధ్యమధ్యలో ధన్‌సింగ్ ఫోన్ చేసి ప్రాక్టీసు ఎలా సాగుతోందని అడిగేవాడు. అరగంట వస్తలేదు మామా అని శ్రీపాల్ ఉన్నమాటే చెప్పేవాడు. ధన్‌సింగ్ పెద్దగా నవ్వి, తను ఎలా సాధించాడో మొదటి నుంచీ చెప్పుకొచ్చేవాడు.

"గీ పిల్ల కాకపోతే ఇంకో పిల్ల దొరకదారా? ఆ ఉరుకుడు చాలిచ్చి ఇంట్ల కూసో," అంది సోమ్లీ ఒకరోజు, కొడుకు అవస్థ చూడలేక.

శ్రీపాల్ వినలేదు. అతనికి అక్షయే కావాలి. ఆమె లేకుండా ఎలా బతకాలో అతనికి నిజంగా తెలియడం లేదు.

పరుగు రోజు వచ్చింది. మానుకోట రోడ్డు నిండా రంగురంగుల టీషర్టులు, డీజే పాటలు. ధన్‌సింగ్ తలకు పట్టీ కట్టుకుని వచ్చాడు. శ్రీపాల్ కడుపులో మటన్ కూర, దాని మీద భయం. గంబూట్లు చూస్తే జనం నవ్వుతారని అక్షయ మామూలు బూట్లకే ఒప్పుకుంది.

విజిల్ మోగింది. సగం దూరం దాకా ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఆ తర్వాత శ్రీపాల్ కాళ్లు మళ్లీ మాట వినడం మానేశాయి. చేసేది లేక రోడ్డు పక్కన కూర్చుని లేసు కట్టుకోసాగాడు. ముసలాయన పోతున్నాడు, లేవమని కూరగాయలమ్మే ఆమె ఒకటే తొందరపెట్టింది. శ్రీపాల్ రెండో బూటు లేసు కూడా విప్పి, కట్టుకుని, అప్పుడు లేచాడు.

పరుగు ముగిసే గీత దగ్గర అక్షయ గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది. సరిగ్గా అరగంటకు ధన్‌సింగ్ గీత దాటాడు. వెనక్కి తిరిగి చూశాడు. శ్రీపాల్ ఇంకా వస్తూనే ఉన్నాడు. కాళ్లు ఒకవైపు, చేతులు ఒకవైపు పోతున్నాయి. ఎలాగో గీత దాటి ధన్‌సింగ్ ముందే కూలబడ్డాడు. నోరు తెరిచి, డీజేను మించి ఊపిరి పీల్చాడు.

ధన్‌సింగ్ నడుం మీద చేతులు పెట్టుకుని అతన్నే చూశాడు. అక్షయ కళ్లు మూసుకుంది.

"లే అల్లుడా," అన్నాడు ధన్‌సింగ్ చివరికి, చెయ్యి అందిస్తూ. "పరేషాన్ గాకు. ఉరుకుడు నేను నేర్పిస్త గని, పెండ్లికి ఏ నెల మంచిగుంటదో మీ అవ్వను అడుగు."

ఐదు కిలోమీటర్ల పరుగులో దేశస్థాయి బంగారు పతకాలు కొట్టి, ఆ పతకాలతోనే రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్న సంగతి మామకు పొక్కనివ్వని శ్రీపాల్, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకరి వెనక రాగలిగినందుకు, మామ భుజం మీద తల పెట్టి ఆనందంతో ఏడ్చేశాడు.