తలుపేసుకుని లాల

"తలుపు తియ్యమ్మా. నా మనవరాలికి నేను పోస్తాను లాల," అంది రూతమ్మ.

"అయిపోవచ్చిందండి అత్తయ్యా," అంది ప్రీతి లోపలి నుంచి.

రోజూ ఇదే. పెదపాడులో ఏ ఇంట్లోనైనా పసిబిడ్డను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేది పెద్దవాళ్ళే. ఈ ఇంట్లో మాత్రం కోడలు గడియ పెట్టుకుంటోంది.

లోపల ప్రీతి పాప ఒళ్ళు వెతుకుతోంది. వీపు నిండా టీ రంగు మచ్చలు. పోయిన వారం లేనిది తొడ మీద ఇంకొకటి.

ఏలూరు తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది.

"నరాల పైపొరను పెరగమనే పదార్థాలు అందరి ఒంట్లోనూ ఉంటాయమ్మా. ఇక చాలు అని ఆపే జన్యువు ఈ పాపలో పాడైంది. ఎదిగే వయసులో గడ్డలు లేవచ్చు. చాలావరకు కేన్సర్ కాదు. కొందరికి మచ్చలతోనే సరిపోతుంది. కొందరికి ఒళ్ళంతా..." ఆగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

ప్రీతి గొంతు తగ్గించి చెప్పింది. డాక్టరమ్మ తలూపింది.

తిరుగు బస్సులో భర్త ఏసుకుమార్ కిటికీలోంచి చేపల చెరువులే చూస్తూ కూర్చున్నాడు. "అమ్మకి తెలిస్తే?" అన్నాడు చివరికి.

"తెలియకూడదండి," అంది ప్రీతి.

ఇవాళ గడియ సరిగ్గా పడలేదు. తలుపు తోసుకొచ్చిన రూతమ్మ పాప వీపు చూసి నిలబడిపోయింది.

"ఏంటివి?"

"పుట్టుమచ్చల్లాంటివండి."

"ఇన్నా? డాక్టరేమంది?"

"వంశంలో ఉంటే వస్తాయంటండి."

"ఎవరి వంశంలో?"

వెనకాలే వచ్చిన ఏసుకుమార్ నోరు తెరవబోయాడు. ప్రీతి కళ్ళతోనే వద్దంది.

"మా నాన్నగారి వైపండి."

"అదా సంగతి. సంబంధం మాట్లాడినప్పుడు మీ నాన్న ఈ మాట ఎత్తలేదే. పాస్టరుగారు చెప్పారని కళ్ళు మూసుకుని చేసుకున్నాం. పసిదానికి ఇలాంటిది అంటగట్టినవాళ్ళు, దాన్ని ఏ మొహం పెట్టుకుని ఎత్తుకుంటారు?"

ప్రీతి తల దించుకుంది.

"సరే, ఇలా తే," అని రూతమ్మ పీట మీద కూర్చుని, పొడుగు చేతుల రవికె తడవకుండా పైకి మడిచి, కొల్లేటి చెరువుల్లో దిగి చేపలు పట్టినందుకే వచ్చాయని తాను నమ్మే గడ్డలు భుజాల దాకా నిండిన రెండు చేతులూ పాప కోసం చాపింది.