ఊపిరి నడక

"ఆ సంచి ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే!" అంది తల్లి, పళ్ళ బిగువున.

కూతురి చెయ్యి సగంలోనే ఆగిపోయింది. సంచిలో కళ్ళజోడు డబ్బా ఉంది. డబ్బాలో మాత్రం కళ్ళజోడు లేదు, ఇన్‌హేలర్ ఉంది. చుట్టూ తెల్ల టోపీలు పెట్టుకుని నడుస్తున్న జనం. ప్రతి టోపీ మీదా నీలం దారంతో కుట్టిన అక్షరాలు: 'ఉబ్బసం దాచొద్దు'. అంత జనంలో దాస్తున్నది బహుశా ఈ పిల్ల ఒక్కతే.

"అమ్మా, ఊపిరాడట్లేదే. ఒక్కసారి పీల్చుకుని లోపల పెట్టేస్తాను."

"ఓర్చుకో తల్లీ. ఆ మలుపు తిరిగాక ఏదో ఒక చాటు దొరక్కపోదు. ఇక్కడ తీశావో, మీ అత్తగారి చెవిన పడ్డానికి క్షణం పట్టదు."

అత్తగారు ముందు వరసలో ఉంది. కుట్టు దుకాణం ఆవిడదే, ఈ నడకా ఆవిడదే. వీధివాళ్ళు ఆవిణ్ణి మైకమ్మ అంటారు, చేతిలో మైకున్నా లేకపోయినా ఆ గొంతు ఒకటే గనక. ఊరికి తెలిసి వాళ్ళింట్లో ఉబ్బసం ఉన్న మనిషి లేడు. అయినా కొడుకు పెళ్ళి చేసిన ఏడు నుంచీ పేదపిల్లల మందులకని ఈ నడక పెట్టి, ఇల్లిల్లూ తిరిగి చందాలడుగుతోంది. అంతా పేరు కోసమే అనేవాళ్ళూ ఉన్నారు. ఉంటారు లెండి, మంచిపని చేస్తే ఊరుకునే లోకమా ఇది!

"దాచుకుంటే..." అంది ముందునుంచి మైకమ్మ.

"పోయేది ప్రాణం!" అన్నారు జనం.

"విన్నావా?" కూతురు నవ్వబోయి దగ్గింది. "చెప్పేద్దామే అమ్మా. ఆవిడేం నన్ను కొరుక్కు తినదు."

"ఊరికి చెప్పే మాట వేరు, ఇంటి కోడలి సంగతి వేరు. నిజం చెప్పిన సంబంధాలు ఏమయ్యాయి? గడపదాకా వచ్చి తిరిగిపోయాయి. ఈవిడ అసలే నిన్ను గుడ్డలు కత్తిరించే బల్ల దగ్గర్నుంచి లేపేసి కౌంటర్లో కూచోబెట్టింది. ఎందుకూ? చేతకాదనేగా! ఇవాళ చూడు, కోడల్ని పక్కన నడిపించుకోకుండా అందరికన్నా వెనక, మందుల వ్యాను పక్కన పడేసింది. దీనికితోడు రోగం కూడానని తెలిసిందనుకో, నీ పెట్టె సర్దుకోవడమే!"

ఆ పిల్లకి కాపురమంటే ఇష్టం, మొగుడంటే మరీ ఇష్టం. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచింది.

మలుపు దగ్గర ఒక దుకాణాయన, నడిచేవాళ్ళకి దారి శుభ్రంగా ఉండాలని అప్పుడే వాకిలి ఊడ్చాడు. పాపం, మంచి ఉద్దేశమే. దుమ్మంతా లేచి వెనక వరస మీద పడింది. కూతురు రెండు చేతులతో గుండె పట్టుకుని రోడ్డు మీద కూలబడింది.

వ్యాన్‌లోంచి ఒకాయన దూకి పరుగెత్తుకొచ్చాడు. "ఉబ్బసమా అమ్మా? మందు తెస్తాను, ఉండండి."

కూతురు తల్లి వంక చూసింది. చెప్పమ్మా, అని కళ్ళతోనే బతిమాలింది. తల్లి నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే మైకమ్మ పక్కింటావిడ, ఎదురింటావిడ "ఏమైంది, ఏమైంది" అంటూ మీదికి వంగారు.

"అబ్బే, ఉబ్బసమేమిటి! మా ఇంటావంటా లేదు," అంది తల్లి. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఎండదెబ్బ. కాసిని మంచినీళ్ళివ్వండి చాలు."

కన్నతల్లే చెబుతుంటే కాదనడానికి ఆయనెవరు? నీళ్ళకి పరుగెత్తాడు. ఎవరో మొహం మీద చల్లారు, ఎవరో టోపీతో విసిరారు. నీళ్ళు గొంతు దిగలేదు. పెదాలు నీలంగా మారుతుంటే అప్పుడు తల్లికి చెయ్యి కదిలింది. డబ్బా తెరిచి, ఇన్‌హేలర్ తీసి, అంత ప్రమాదంలోనూ కొంగు చాటు చేసి మరీ కూతురి నోట్లో పెట్టింది. పీల్చడానికి ఆ పిల్లలో ఓపిక మిగల్లేదు.

మైకమ్మ మైకు పారేసి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఏమైందని ఎవర్నీ అడగలేదు. కోడల్ని రెండు చేతుల్లో ఎత్తుకుని వ్యానెక్కించి, "ఆస్పత్రికి పోనీ!" అని అరిచింది. దారి పొడుగునా మందు గొట్టం కోడలి మొహానికి తనే అదిమి పట్టుకుని కూచుంది.

ఆస్పత్రిలో డాక్టరు చాలాసేపటికి బయటికొచ్చాడు.

"ఇంకాస్త ముందుగా మందు పడివుంటే బతికేదమ్మా," అన్నాడు.

కబురంది పరుగెత్తుకొచ్చిన అల్లుడు గోడకి జారగిలబడి కూచుండిపోయాడు. తల్లి వెళ్ళి మైకమ్మ కాళ్ళ మీద పడింది.

"మిమ్మల్ని మోసం చేశాను వదినగారూ! దానికి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. మీకు తెలిస్తే వెళ్ళగొడతారని దాని నోరు నేనే నొక్కేశాను. నా చేతులతో నేనే చంపుకున్నాను. నన్ను కొట్టండి వదినగారూ, చంపెయ్యండి!"

మైకమ్మ వంగి ఆవిణ్ణి లేవదీసింది.

"కాపరానికొచ్చిన వారానికే తెలుసు వదినా," అంది. "నేనడిగితే చిన్నబుచ్చుకుంటుందేమో, భయపడకుండా తనంతట తనే చెప్పుకోవాలని... దానికోసమే ఈ నడక పెట్టాను."