ఎడమ కాలి ముద్ర

"పదకొండు అచ్చులూ ఎడమ కాలివేనేంటి, పెద్దాయనా?"

ఫారెస్టు ఆఫీసరమ్మ గొంతులో కోపం లేదు. అదైనా ఉంటే బాగుండేదనిపించింది ట్రాకర్‌కి. లోయలోంచి తను తెచ్చిన ప్లాస్టర్ అచ్చులు బల్ల మీద వరసగా ఉన్నాయి. అన్నీ చిరుత ముందరి ఎడమ పాదాలే. అన్నింటికీ మూడో వేలి పక్కన అదే గాటు. ముప్పై ఏళ్లుగా జాడలు చూసి బతికిన మనిషి, దొంగ జాడ వేసేటప్పుడు మిగతా కాళ్ల సంగతే మరిచిపోయాడు.

"ఒంటికాలి మీద గెంతుతూ తిరుగుతోందని రాయమంటారా?" అందామె. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఇక దాచి లాభం లేదు. చిరుత నిరుటి వానాకాలంలోనే చచ్చిపోయిందని, తనే గొయ్యి తీసి పూడ్చానని చెప్పేశాడు. పూడ్చే ముందు దాని పాదాన్ని తడిమట్టిలో అద్ది, ప్లాస్టర్ పోసి అచ్చు తీశానని, దాంతోనే వాగు ఒడ్డున ముద్రలు వేశానని కూడా ఒప్పుకున్నాడు. అభయారణ్యాన్ని పెంచుతూ గీస్తున్న కొత్త పటంలో లోయ చేరాలంటే, ఈ ఏడాది అక్కడ చిరుత తిరిగినట్టు రుజువు కావాలి. కెమెరాలు కొనే స్తోమత లేని ఆ ఆఫీసుకి కాలిముద్రలే రుజువు. అవి లేకపోతే లోయ క్వారీవాళ్ల పాలవుతుంది.

"అది పోయినా, లోయంటూ ఉంటే ఎప్పటికైనా ఇంకోటి వస్తుంది కదమ్మా" అన్నాడు.

ఈ సంగతి బయటపడితే పటంలో ఉన్న మిగతా మూడు కొండల రుజువులూ ఎవరూ నమ్మరని, మొత్తం పటమే చెత్తబుట్టలో పడుతుందని ఆమె మెల్లగా చెప్పింది. పటం మర్నాడు సాయంత్రం అయిదింటికల్లా పైఆఫీసుకి వెళ్లాలి. ఆమె రబ్బరు తీసి లోయ చుట్టూ ఉన్న పెన్సిల్ గీతను చెరిపేసింది.

"మా నాన్న మాటకన్నా మీ మాటే ఎక్కువ నమ్మాను" అంది. అతనికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే, దొంగ ముద్రలు వేసిన ఆ పాడు అచ్చును వాగులో పారేద్దామని వెళ్లాడు. ఒడ్డున బురదలో కొత్త ముద్రలున్నాయి. మోకాళ్ల మీద కూలబడి చూశాడు. నాలుగు కాళ్లూ ఉన్నాయి, ఏ వేలికీ గాటు లేదు. ఎక్కడినుంచి వచ్చిందో, ఇంకో చిరుత. దాని వెనకే నిమ్మకాయలంతేసి ముద్రలు. రెండు పిల్లలవి.

వయసు సంగతి మరిచి, సిగ్నల్ కోసం కొండెక్కాడు. రొప్పుతూ ఆఫీసరమ్మకి ఫొటోలు పంపి, వెంటనే ఫోన్ చేశాడు. అయిదు కాకముందే ఒక్కసారి వచ్చి కళ్లారా చూడమని ఏడుస్తూ బతిమాలాడు.

అవతల ఆమె కూడా ఏడుస్తోందని అర్థమైంది.

"ఇక చాలు పెద్దాయనా... ఈసారి పిల్లల్ని కూడా తయారుచేశారా?"