రెండు వందల యాభై అయిదు గ్రాములు ఎక్కువ

నవీన్‌కు ప్రతిదానికీ లెక్క కావాలి. నిరుడు దాకా హైటెక్ సిటీలో కోడ్ రాసుకునేవాడు, ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో డైరెక్టర్. కళామతల్లి చేసుకున్న పుణ్యం.

ఆ రోజు జూబ్లీహిల్స్‌లో ఓ కిరాయి బంగళాలో షూటింగ్. నిండు గర్భిణి మెట్లు దిగి వచ్చి, "అత్తయ్యా, నొప్పులొస్తున్నాయి" అనాలి. కడుపులో బిడ్డ మూడు కిలోలని స్క్రిప్టులో ఉంది. కాబట్టి పొట్ట కూడా మూడు కిలోల బిడ్డ ఉన్నట్టే ఉండాలట.

ఆ వేషం మంజులతది. ఆరేళ్లుగా గుంపు సీన్లలో నిలబడిన మనిషి. ఎప్పటిదో ఫొటో చూసి నవీన్ ఓకే చేశాడు. నోరు తెరిచి మాట్లాడే వేషం ఆమెకు ఇదే మొదటిది.

నవీన్ టేపు తెప్పించి, అత్తగారి వేషం వేస్తున్న శకుంతలమ్మ చేత పొట్ట కొలిపించాడు. ముప్పై మూడు సెంటీమీటర్లు. అందులోంచి పన్నెండు తీసేసి నూట యాభై అయిదుతో గుణిస్తే బిడ్డ బరువు వస్తుందట. డాక్టర్ల సూత్రం, ఇంటర్నెట్‌లో దొరికింది.

"మూడు కిలోల రెండు వందల యాభై అయిదు గ్రాములు" అని నొసలు చిట్లించాడు. "ఎక్కువైంది. ఈ కాస్ట్యూమర్ బాలనర్సయ్యకు దూది పొట్ట కుట్టడం కూడా రాదు."

నలుగురిని కన్న శకుంతలమ్మ అరచేయి ఆనించి చూసింది. "లెక్క సరిగ్గానే ఉంది బాబూ. మూడుంబావుకు తగ్గదు."

"దూదిని తడిమి బరువు చెబుతారా అమ్మా?" అని నవ్వాడు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడమంటే ఇదే.

తరువాత నడక. మంజులత రెయిలింగు పట్టుకుని, ఆయాసపడుతూ దిగింది.

"కట్. ఓవర్ చేస్తున్నావ్. గర్భిణి అలా నడవదు." తనే నడుం వెనక్కి వంచి నడిచి చూపించాడు. ఊళ్లో గర్భిణులంతా ఆయన దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి.

నాలుగు టేకులయ్యాయి. అయిదోదానికి మంజులత మెట్టు మీదే కూలబడింది.

"సహజంగా లేదమ్మా. ఈ వేషానికి ఉదయశ్రీని పిలిపిస్తాను. పొట్ట విప్పి ఇచ్చేసి వెళ్లు."

మంజులతకు ఏడుపొచ్చింది. "జర ఇంకొక్కసారి చేస్త సార్. గీ ఒక్క మాట కోసం ఆరేండ్లు ఎదురుచూసిన."

"పొట్ట విప్పమన్నానా?"

ఆమె రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది.

అంతలో కాస్ట్యూమర్ బాలనర్సయ్య చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చి, సంచిలోంచి దూది పొట్ట తీసి నవీన్ చేతిలో పెట్టాడు: "ఏమనుకోకుండ్రి సార్, ఎర్రగడ్డ కాడ బస్సు ఖరాబైంది, నేనీ పొట్ట తెచ్చేదాంక షూటింగ్ ఆపుకొని కూసున్నరా ఏంది?"